రెండు ఎనిమిదుల లెక్క

ఆరుగురు ఆడే ఆన్‌లైన్ పోకర్ బల్ల. మీకు వచ్చిన రెండు ముక్కలు ఇస్పేటు ఎనిమిది, ఆఠీను ఎనిమిది. మీకంటే ముందున్న ముగ్గురూ ముక్కలు పడేశారు. మీరు పందెం రెండున్నరకు పెంచారు. పక్కవాడు తప్పుకున్నాడు. ఆఖరివాడు మాత్రం దాన్ని ఏకంగా పదకొండుకు తీసుకెళ్ళాడు. తెర మీద గడియారం సెకన్లు తగ్గించుకుంటూ వస్తోంది. ఆడాలా, పడేయాలా?

చేతిలో ఆసుల జత ఉంటే ఈ ప్రశ్నే రాదు. రెండు, ఏడు లాంటి విడి ముక్కలుంటే అసలు ఇంతదాకా వచ్చేవారే కాదు. ఏడుల నుంచి పదుల దాకా ఉన్నవి నడిమి జతలు. పెంచిన పందెం మీద ఇంకొకడు మళ్ళీ పెంచినప్పుడు ఇవి పెట్టినంత చిక్కు మరే ముక్కలూ పెట్టవు. వదిలేయడానికి మనసొప్పదు, ఉంచుకుంటే ఎంతదాకా ఉంచుకోవాలో తెలియదు. ఈ చిక్కు విప్పాలంటే సంభావ్యత, ఆటల సిద్ధాంతం, గణాంకశాస్త్రం మూడూ కావాలి. ఇంత చిన్న ప్రశ్నలో ఆ మూడూ ఇంత దగ్గరగా కలుసుకోవడమే నన్ను దీని వైపు లాగింది.

ముందుగా చట్టం సంగతి. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే పేకాటను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం అలాంటి ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. పేకాటలో నేర్పెంత, అదృష్టమెంత అన్న వాదనకు మన దగ్గర పాత చరిత్రే ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అంది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవాలి అన్నది కోర్టు చూపిన కారణం. అదే తీర్పు మూడు ముక్కలాటను మాత్రం పూర్తిగా అదృష్టం మీద నడిచేదిగా లెక్కగట్టింది. పోకర్ ఈ రెంటి మధ్యలో ఎక్కడ నిలుస్తుందన్నది న్యాయస్థానాల పని. ఇక్కడ మనం చూసేది గణితం. దానికి పందెం కాయనక్కరలేదు, కాగితం, కలం చాలు.

ఆట తెలియని వారికోసం రెండు మాటలు. టెక్సస్ హోల్డెమ్‌లో ఒక్కొక్కరికి రెండు ముక్కలు రహస్యంగా ఇస్తారు. ఆ తర్వాత బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు. మొదట ఒకేసారి మూడు, దాన్ని ఫ్లాప్ అంటారు. తర్వాత ఒకటి, టర్న్. చివర ఇంకొకటి, రివర్. ప్రతి దశకూ పందెం ఉంటుంది. ఏడు ముక్కల్లోంచి మేలైన ఐదు ఎవరివైతే పాట్, అంటే పందేలన్నీ పోగైన మొత్తం, వారిది. ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా కట్టే పందేలు స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్. బిగ్ బ్లైండ్‌ను ఒకటి అనుకుంటే స్మాల్ బ్లైండ్ అర. ఈ వ్యాసంలో లెక్కంతా ఆ కొలతలోనే. ఇద్దరి దగ్గరా మొదట చెరి 100 ఉన్నాయనుకుందాం. మీరు కూర్చున్న చోటు బటన్, అంటే ఫ్లాప్ తర్వాత ప్రతి దశలోనూ ఆఖరున నిర్ణయం తీసుకునే చోటు. ఎదుటివాడు ఏం చేశాడో చూసి ఆడొచ్చు. ఇది చిన్న మేలు కాదు.

ఇప్పుడు పాట్‌లో ఎంతుంది? బిగ్ బ్లైండ్ చోట ఉన్న అతని 11, మీ రెండున్నర, స్మాల్ బ్లైండ్ కట్టి తప్పుకున్నవాడి అర. మొత్తం 14. మీరు కొనసాగాలంటే ఇంకా ఎనిమిదిన్నర కట్టాలి. కట్టాక పాట్ 22.5 అవుతుంది. ఎనిమిదిన్నరను దానితో భాగిస్తే 37.8 శాతం. పాట్‌లో మీ వాటా సగటున అంతకన్నా ఎక్కువుంటేనే కట్టడం గిట్టుబాటు. ఈ 37.8ని గుర్తుపెట్టుకోండి, చివరిదాకా దీనితో పని ఉంది.

చాలామంది ఆటగాళ్ళు ఇక్కడ ఇచ్చే జవాబు ఒక్కటే: ఫ్లాప్‌లో మూడో ఎనిమిది పడుతుందేమో చూద్దాం, పడితే ఎదుటివాడి గల్లా ఖాళీ చేద్దాం, పడకపోతే వదిలేద్దాం. మూడు ఒకే రకం కలిస్తే దాన్ని సెట్ అంటారు. పోకర్‌లో ఇంత బాగా దాక్కునే బలం మరొకటి లేదు కాబట్టి ఈ ఆలోచనకు ఆకర్షణ ఉంది. లెక్క చూద్దాం. మీ రెండు ముక్కలు పోగా మిగిలినవి 50. వాటిలోంచి ఫ్లాప్‌కు 19,600 రకాలుగా మూడు ముక్కలు రావచ్చు. వాటిలో కనీసం ఒక ఎనిమిది ఉన్నవి 2,304. అంటే 11.8 శాతం. ఎనిమిదిన్నర సార్లకు ఒక్కసారి.

ఆ ఒక్కసారి కోసం మిగతా ఏడున్నర సార్లూ ఎనిమిదిన్నర చొప్పున పోగొట్టుకుంటారు. అది దాదాపు 64. సెట్ పడిన రోజున అంత వెనక్కి రావాలి. పాట్‌లో అప్పటికే ఉన్నది 14. మిగతా 50 ఎదుటివాడి దగ్గర మిగిలిన 89లోంచి సగటున రాబట్టాలి. సగటున అన్నది మరిచిపోవద్దు. అతని చేతిలో ఆసు, ఐదు ఉండి ఏమీ కలవకపోతే ఒక చిన్న పందెం వేసి వదిలేస్తాడు. రాజుల జత ఉండి ఫ్లాప్‌లో ఆసు పడితే జంకుతాడు. ఒక్కోసారి అతనికి ఇంకా పెద్ద సెట్ పడి మీ గల్లాయే ఖాళీ అవుతుంది. ఇవన్నీ కలుపుకొని సగటున 50 రావడం గట్టి ఆటగాళ్ళ మధ్య జరిగే పని కాదు.

పందెం ఒక్కసారే పెరిగిన పాట్‌లో ఇదే ఆలోచన చక్కగా పనిచేస్తుంది. అక్కడ రెండున్నర కట్టి, వెనక ఉన్న 97.5 కోసం చూస్తారు. కట్టినదానికి 39 రెట్లు. ఇక్కడ ఎనిమిదిన్నర కట్టి 89 కోసం చూస్తున్నారు, పదిన్నర రెట్లు మాత్రమే. మళ్ళీ పెంచిన పాట్‌లో దారి ఇరుకైపోవడమంటే ఇదే. చేతిలో చెరి 200 ఉంటే లెక్క మళ్ళీ సడలుతుంది. 100తో ఆడేటప్పుడు సెట్ ఒక్కదాని మీద ఆధారపడటం వాన మీదే భారం వేసి మెట్ట పొలంలో వరి నాటడం లాంటిది. ఎనిమిదుల జత సెట్ కాకుండా, ఉత్త జతగానే, తన ఖర్చులో కొంత సంపాదించాలి. సంపాదించగలదా లేదా అన్నది మీ చేతిలోని ముక్కలు చెప్పవు. ఎదుటివాడి చేతిలో ఏమేమి ఉండొచ్చో అది చెబుతుంది.

ఎదుటివాడి ముక్కలు కనబడవు. కానీ అవి ఏవైనా అయ్యే అవకాశం కూడా లేదు. అతను మళ్ళీ పెంచాడు కాబట్టి జాబితా కుదించుకుపోయింది. దాన్నే ఆటగాళ్ళు రేంజ్ అంటారు. 52 ముక్కల్లోంచి రెండు ముక్కలు తీయడానికి 1,326 దారులున్నాయి. ఏ జతకైనా 6 దారులు. ఆసు-రాజుకు 16, వాటిలో రెండూ ఒకే రంగువి 4.

ఒక బిగువైన ఆటగాడిని ఊహించుకోండి. రాణుల జత, రాజుల జత, ఆసుల జత, ఆసు-రాజు, ఇవి ఉంటే తప్ప మళ్ళీ పెంచడు. పద్దెనిమిదీ పదహారూ, మొత్తం 34 దారులు. మొదటి 18 ముందు మీ ఎనిమిదులు గెలిచేది ఐదింట ఒకసారి కూడా కష్టం. ఆసు-రాజు ముందు మాత్రం సగానికి కాస్త పైన, 54 శాతం ప్రాంతంలో ఉంటాయి. కలిపి సగటు తీస్తే దాదాపు 36 శాతం. కావలసింది 37.8. రివర్ దాకా పందెమే లేకుండా ముక్కలు తెరిచినా చాలదు. ఇతనికి ఎనిమిదులు వదిలేయాలి. ఇంకో విశేషం ఏమిటంటే, ఈ 34 దారుల ముందు ఐదుల జతకూ ఎనిమిదుల జతకూ జాకీల జతకూ పెద్ద తేడా లేదు. పెద్ద జతల కింద అన్నీ ఒకేలా నలుగుతాయి, ఆసు-రాజు మీద అన్నీ కాస్త పైచేయిగా ఉంటాయి. జాకీలు చూడ్డానికి ఎంతో ఘనంగా కనిపిస్తాయి, ఈ మనిషి ముందు ఆ ఘనతకు విలువ లేదు.

ఇప్పుడు రెండో ఆటగాడు. ఆ 34కు తోడు ఇతను అప్పుడప్పుడూ బలహీనమైన ముక్కలతోనూ పెంచుతాడు. ఒకే రంగు ఆసుతో రెండు, మూడు, నాలుగు, ఐదు, అవి 16 దారులు. ఒకే రంగు రాజు-రాణి, రాజు-జాకీ, రాణి-జాకీ, ఇవి 12. మొత్తం 62. చిన్న ఆసుల ముందు మీ ఎనిమిదులు మూడింట రెండొంతులు గెలుస్తాయి. బొమ్మల ముందు సగం సగం. సగటు దాదాపు 47 శాతానికి ఎక్కుతుంది. అవే ముక్కలు, అదే పందెం. ఎదుటి జాబితాలో 28 దారులు చేరగానే వదలాల్సిన జత ఆడాల్సిన జత అయింది. గట్టి ఆన్‌లైన్ ఆటగాళ్ళు బటన్ మీద పెంచిన పందేనికి బిగ్ బ్లైండ్ నుంచి ఇంకా విస్తారంగా, అన్ని దారుల్లో పది శాతం దాటి కూడా మళ్ళీ పెంచుతారు.

ఈ రెండో ఆటగాడి మీద కట్టారనుకుందాం. పాట్ 22.5, ఇద్దరి దగ్గరా చెరి 89. ఇక ఫ్లాప్.

నడిమి జతలతో ఆడేవారిని వెంటాడే భయం ఒకటుంది: ఫ్లాప్‌లో తమకన్నా పెద్ద ముక్క పడుతుందేమోనని. అంకెల్లో ఆ భయం సహేతుకంగానే కనిపిస్తుంది. ఫ్లాప్‌లో కనీసం ఒక పెద్ద ముక్క పడే అవకాశం ఏడుల జతకు 92 శాతం, ఎనిమిదులకు 87, తొమ్మిదులకు 79, పదులకు 69, జాకీలకు 57. అంటే ఎనిమిదుల మీద ఏ పెద్ద ముక్కా లేని ఫ్లాప్ దాదాపు ఎనిమిదింట ఒక్కటే. కానీ ఈ అంకెలు తప్పుదారి పట్టిస్తాయి. తొమ్మిది, పది పడితే ఎనిమిదులకు పెద్దవే, ఎదుటివాడి జాబితాలో మాత్రం అవి లేవు. పది, ఆరు, మూడు పడిన ఫ్లాప్ అతనికి దాదాపు ఏమీ ఇవ్వదు. నిజంగా భయపడాల్సింది ఆసుకూ రాజుకూ. ఆ రెంటిలో ఒకటైనా ఉన్న ఫ్లాప్‌లు 41 శాతం. 87కూ 41కీ మధ్య ఉన్న దూరం నడిమి జతల ఆదాయానికి పెద్ద వనరు. మీ ముక్క కన్నా పెద్దదా అని చూసేవాడు ఆ ఆదాయం పోగొట్టుకుంటాడు, అతని జాబితాకు తగిలిందా అని చూసేవాడు దక్కించుకుంటాడు.

మూడు ఫ్లాప్‌లు పక్కపక్కన పెట్టి లెక్కిద్దాం. మొదటిది మూడు వేరు రంగుల్లో ఏడు, ఐదు, రెండు. అతని దగ్గర ఆసు-ఐదు, ఆసు-రెండు ఒక్కో దారి తగ్గి మొత్తం 60 మిగులుతాయి. వాటిలో మీ మీద ఉన్నవి మూడు పెద్ద జతలు, 18 దారులు. మిగతా 42 మీ కిందే. నూటికి 70 మీదే పైచేయి. రెండోది రాజు, ఏడు, రెండు. మధ్యలో ఒక రాజు కనబడగానే అతని ఆసు-రాజు 12కు, రాజుల జత 3కు తగ్గుతాయి. ఒకే రంగు రాజు-రాణి, రాజు-జాకీ చెరి మూడవుతాయి. మొత్తం 52లో మీ మీద 33, మీ కింద 19. పైచేయి 37 శాతానికి పడిపోయింది. మూడోది ఆసు, తొమ్మిది, నాలుగు. చిన్న ఆసులన్నీ జతలైపోయాయి. ఉన్న 50లో మీ కింద మిగిలినవి బొమ్మల కలయికలు 12 మాత్రమే, 24 శాతం.

రాజు, ఏడు, రెండు ఫ్లాప్‌ను కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే డబ్బు చేతులు మారేది ఇలాంటి చోట్లే. అతను పాట్‌లో మూడో వంతు, అంటే ఏడున్నర పందెం వేశాడు. కట్టడానికి ఏడున్నర, కట్టాక పాట్ 37.5, కావలసిన వాటా 20 శాతం. మీకు 37 ఉంది. వదలకూడదు. రాజును చూడగానే ఎనిమిదులు పడేసేవారు ఆన్‌లైన్‌లో కోకొల్లలు. అలాంటివారి మీద చిన్న పందెం వేసే ప్రతివాడికీ ఉత్తినే పాట్లు దక్కుతాయి.

టర్న్‌లో పది పడింది. అతను ఈసారి 25 పందెం వేశాడు. కట్టాలంటే కావలసిన వాటా 28.6 శాతం. ఇప్పుడు జాబితా మళ్ళీ రాయాలి. రాణుల జత ఉన్నవాడు ఇక్కడ సాధారణంగా పందెం ఆపి, తక్కువ ఖర్చుతో ముక్కలు తెరవాలని చూస్తాడు, కాబట్టి ఆ 6 తీసేద్దాం. మీ మీద ఉన్నవి 27. మీ కిందవాటిలో రాణి-జాకీకి వరస కుదిరే ఆశ వచ్చింది, ఆసు గానీ తొమ్మిది గానీ పడితే చాలు. ఆ నాలుగూ పందెం వేస్తాయి. చిన్న ఆసులు 15లో ఒక ఐదుతో బ్లఫ్ (బలం లేకపోయినా ఉన్నట్టు పందెం వేయడం) కొనసాగించి మిగతావి వదిలేస్తాడనుకుందాం. మొత్తం 36లో మీ కింద 9, సరిగ్గా 25 శాతం. కావలసినదానికి తక్కువ. పైగా ఆ తొమ్మిదికీ రివర్‌లో మిమ్మల్ని దాటే అవకాశముంది, రివర్‌లో ఇంకా 56.5 పందెం పడే ముప్పూ ఉంది. ఇప్పుడు వదిలేయాలి. ఫ్లాప్‌లో కట్టడమూ సరే, టర్న్‌లో వదలడమూ సరే. రెండు నిర్ణయాలకూ ఆధారం ఒకటే లెక్క. రెండో దానికి కారణం పది పడటం కాదు, రెండోసారి పెద్ద పందెం వేయగలిగే జాబితా మొదటిసారి వేసిన జాబితా కాకపోవడం. మీరు ముక్కలు పడేశాక అతను బ్లఫ్ తెరిచి చూపించినా ఆ నిర్ణయం తప్పు కాదు. తొమ్మిది దారుల్లో ఒకటి ఆ రోజు అతని చేతిలో ఉందంతే.

ఇంతకీ మొదట్లోనే, అతను పదకొండుకు పెంచినప్పుడు, మనమే ఇంకా పెంచితే పోలేదా? పాతిక దాకా తీసుకెళ్తే అతను వదిలేయొచ్చు కదా? ధైర్యంగా ఆడాలనుకునేవారికి ఈ ఆలోచన సహజంగానే వస్తుంది. దీనికి జవాబు దొరికేది జాన్ వాన్ నాయ్‌మన్ దగ్గర.

1944లో వాన్ నాయ్‌మన్, ఆర్థికవేత్త ఆస్కర్ మోర్గెన్‌స్టెర్న్ కలిసి ఆటల సిద్ధాంతానికి పునాది వేసిన గ్రంథం ప్రచురించారు. అందులో ఒక భాగమంతా పోకర్‌కూ బ్లఫ్‌కూ కేటాయించారు. నిజమైన పోకర్ లెక్కకు అందదు కాబట్టి దాన్ని బాగా చిన్నది చేశారు. అలాంటి నమూనా ఒకటి ఇలా ఉంటుంది. ఇద్దరికీ సున్నాకూ ఒకటికీ మధ్య చెరో అంకె రహస్యంగా వస్తుంది, పెద్ద అంకె గెలుస్తుంది. మొదటివాడు పందెం వేయొచ్చు, ఊరుకోవచ్చు. రెండోవాడు కట్టొచ్చు, వదలొచ్చు. పందెం పాట్‌తో సమానం అని పెట్టుకుని లెక్క చేస్తే జవాబు భలే శుభ్రంగా వస్తుంది. తొమ్మిది భాగాలు చేస్తే, పై రెండు భాగాల్లో అంకె ఉన్నవాడు పందెం వేయాలి. అట్టడుగు ఒక భాగంలో ఉన్నవాడూ పందెం వేయాలి, అది బ్లఫ్. మధ్యనున్న ఆరు భాగాలూ ఊరుకోవాలి. రెండోవాడు పై నాలుగు భాగాలతో కట్టాలి.

మధ్యవి ఎందుకు ఊరుకోవాలి? మధ్యస్థమైన అంకెతో పెద్ద పందెం వేస్తే మీకన్నా చిన్నవాళ్ళు తప్పుకుంటారు, మీకన్నా పెద్దవాళ్ళే కడతారు. గెలిచే చోట డబ్బు రాదు, ఓడే చోట డబ్బు పోతుంది. అట్టడుగు అంకెకు ఆ బాధ లేదు. ముక్కలు తెరిస్తే ఎలాగూ గెలవదు, ఎదుటివాడు తప్పుకుంటే వచ్చేదంతా లాభమే. అందుకే బ్లఫ్ పనికిమాలిన ముక్కలతో చేయాలి, మంచి ముక్కలతో కాదు. మన ఎనిమిదులు ఈ నమూనాలో మధ్య ఆరు భాగాల్లోవి. మళ్ళీ పెంచితే ఆసు-ఐదు, రాజు-జాకీ లాంటివి పారిపోతాయి. అవే మీరు గెలవగలిగినవి, గెలవడానికి సగం సగం అవకాశమున్నవి. మిగిలేది మొదట చూసిన ఆ 34 దారుల జాబితా. మీరే పనిగట్టుకుని రెండో ఆటగాడిని మొదటివాడిగా మార్చినట్టు. చేతిలో పాతికో ముప్పయ్యో మాత్రమే ఉంటే సంగతి వేరు. అప్పుడు ఉన్నదంతా ఒక్కసారే పెట్టేస్తే తర్వాతి దశల బాధ ఉండదు, ఆసు-రాజు కట్టినా మీకే కాస్త మొగ్గు. 100తో ఆడేటప్పుడు మాత్రం నడిమి జత పని ఎక్కువగా నిశ్శబ్దంగా కట్టడమే.

కాగితం మీద వాన్ నాయ్‌మన్ చేసిన పనిని యంత్రాలు నిజమైన ఆట దాకా తీసుకెళ్ళడానికి అరవై డెబ్బై ఏళ్ళు పట్టింది. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో 2007లో రూపొందిన ఒక పద్ధతి దారి తెరిచింది. యంత్రం తనతో తానే కోట్ల ఆటలు ఆడుతుంది. ప్రతి నిర్ణయం దగ్గరా, ఇది కాక అది చేసి ఉంటే ఎంత వచ్చేది అని వెనక్కి చూసుకుని, ఎంచుకోనందుకు ఎక్కువ పశ్చాత్తాపం మిగిల్చిన దారి వైపు మెల్లగా జరుగుతుంది. ఎదుట ఉన్నదీ అదే పద్ధతిలో నేర్చుకుంటున్న తన ప్రతిరూపమే. ఇద్దరు ఆడే ఆటలో, అన్ని ఆటల మీద సగటు తీసిన ఆ ఆటతీరు క్రమంగా ఎవరూ దోచుకోలేని సమతుల్యం దగ్గరికి చేరుతుందని నిరూపణ ఉంది. 2015 జనవరిలో అదే విశ్వవిద్యాలయం పరిమిత పందేలతో ఇద్దరాడే హోల్డెమ్‌ను ఆచరణలో పూర్తిగా పరిష్కరించామని ప్రకటించింది. 2017లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన లిబ్రాటస్ పిట్స్‌బర్గ్‌లో నలుగురు వృత్తి ఆటగాళ్ళతో 1,20,000 ఆటలు ఆడి స్పష్టంగా గెలిచింది. 2019లో ప్లూరిబస్ ఆరుగురి ఆటలోనూ నిపుణులను మించింది. ఇద్దరి ఆటకున్న గణిత హామీ ఆరుగురికి లేకపోయినా గెలిచింది. 2007 నాటి ఆ పద్ధతి మీదే నడిచే సాల్వర్లు అనే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు మామూలు కంప్యూటర్ మీద పనిచేస్తున్నాయి. బటన్ మీద ఎనిమిదులకు అవి చెప్పేది పైన చేసిన లెక్కలకు దగ్గరగానే ఉంటుంది: విస్తారంగా పెంచేవాడి మీద ఎక్కువగా కట్టు, చిన్న పందేలకు లొంగకు, పెద్దవి వరసగా పడితే చాలా ఫ్లాప్‌ల మీద వదులు.

యంత్రం సరే, మనిషి ఆడి ఆడి అనుభవంతో దీన్ని నేర్చుకోలేడా అని అడగొచ్చు. లెక్క చూస్తే అది ఎంత కష్టమో తెలుస్తుంది. ఒకే జత, ఎనిమిదులే అనుకోండి, 221 ఆటలకు ఒకసారి వస్తుంది. ఏడుల నుంచి పదుల దాకా నాలుగూ కలిపితే 55కు ఒకసారి. 10,000 ఆటల్లో దాదాపు 180 సార్లు. అందులో బటన్ మీద ఉన్నప్పుడు ఆరింట ఒకసారి, 30. ముందువాళ్ళందరూ తప్పుకున్నవి సగమనుకుంటే 15. బిగ్ బ్లైండ్ పదింట ఒకసారి మళ్ళీ పెంచుతాడనుకుంటే ఒకటో రెండో సార్లు. పదివేల ఆటల్లో ఒకటో రెండో! అందులోనూ ఫలితం మీద అదృష్టం నీడ పెద్దది. ఆరుగురి ఆటలో ప్రతి 100 ఆటలకు గెలుపోటముల ప్రామాణిక విచలనం సుమారు 90 బిగ్ బ్లైండ్‌లు ఉంటుంది. పదివేల ఆటల తర్వాత కూడా సగటులో అటూ ఇటూ తొమ్మిది ఊగిసలాట మిగులుతుంది. నికరంగా గెలిచే మంచి ఆటగాడి ఆదాయమే 100 ఆటలకు అంతకన్నా తక్కువ. ఈ రణగొణలో ఎనిమిదులతో కట్టడం లాభమా నష్టమా అన్న చిన్న గొంతు వినబడదు. ఎప్పుడూ సెట్ పడదని చిరాకుపడేవాడూ, ఒకసారి పడి గల్లా నిండితే అదే దారి పట్టేవాడూ ఇద్దరూ నమ్ముతున్నది ఆ రణగొణనే.

అయితే లెక్కకూ ఒక లోటుంది. ఎదుటివాడు 34 దారుల మనిషా, 62 దారుల మనిషా అన్నది మనకెలా తెలుస్తుంది? ఆన్‌లైన్ ఆటగాళ్ళు దీనికోసం గణాంకాలు పోగుచేసే సాఫ్ట్‌వేర్ వాడతారు. మళ్ళీ పెంచే అవకాశం ఎన్నిసార్లు వచ్చింది, ఎన్నిసార్లు పెంచాడు అని అది తెర మీదే చూపిస్తుంది. 34 దారులంటే 2.6 శాతం, 62 అంటే 4.7. ఈ రెంటినీ విడదీయాలి. 100 అవకాశాల్లో 5 సార్లు పెంచినవాడి అసలు శాతం మీద పొరపాటు అటూ ఇటూ 2.2 దాకా ఉంటుంది. విడదీయాల్సిన తేడా కూడా దాదాపు అంతే. 1,000 అవకాశాలు చూస్తే పొరపాటు 0.7కు దిగుతుంది, అప్పుడు కాస్త నమ్మొచ్చు. అన్ని అవకాశాలు ఒకే మనిషి మీద దొరకడం అరుదు.

కాబట్టి తక్కువ సమాచారంతోనే తేల్చుకోవాలి, అందుకు బేయిస్ సూత్రం ఉంది. ఎదుటివాడికి ఇప్పటిదాకా 20 అవకాశాలు వచ్చాయి, ఒక్కసారీ మళ్ళీ పెంచలేదు. ఆటకు ముందు అతను బిగువైనవాడు కావడానికీ 62 దారుల రెండోవాడు కావడానికీ అవకాశం సమానమనుకున్నారు. బిగువైనవాడు 20 సార్లూ ఊరుకునే అవకాశం 59 శాతం, రెండోవాడు ఊరుకునేది 38 శాతం. ఈ రెంటినీ పోలిస్తే అతను బిగువైనవాడనే నమ్మకం 61 శాతానికి చేరుతుంది. ఇప్పుడు అతను మొదటిసారి పెంచాడు. చాలామంది ఇక్కడ ఆగిపోయి, ఇరవై సార్లు ఊరుకుని ఇప్పుడు పెంచాడంటే ఆసులే అనుకుంటారు. కానీ ఈ పెంచడం కూడా సాక్ష్యమే. ఎక్కువగా పెంచేవాడే పెంచుతూ కనబడే అవకాశం ఎక్కువ, 4.7కు 2.6. దాన్నీ కలిపితే బిగువైనవాడన్న నమ్మకం 46 శాతానికి తగ్గి, రెండోవాడిది 54 అవుతుంది. ఎనిమిదుల వాటాను ఆ పాళ్ళలో కలిపితే 36కూ 47కూ మధ్య, దాదాపు 42 శాతం.

కావలసింది 37.8. తేడా నాలుగు కన్నా కాస్త ఎక్కువ. అందులోంచి సైటు తీసుకునే రేక్ పోవాలి, అది సాధారణంగా పాట్‌లో 5 శాతం దాకా ఉండి ఒక గరిష్ఠ పరిమితి దగ్గర ఆగుతుంది. చిన్న పందేల బల్లల మీద ఆ పరిమితి తగలదు కాబట్టి ఈ తేడాలో చెప్పుకోదగ్గ ముక్క దానికే పోతుంది. ఇంకా, 42 శాతం వాటా అంతా చేతికి రాదు. రాజు, ఏడు, రెండు మీద టర్న్‌లో వదిలేసినప్పుడు గెలవాల్సిన తొమ్మిది దారులనూ వదిలేశాం కదా, అలాంటి నష్టాలు ఉంటాయి. బటన్ మీద ఆఖరున ఆడటం వల్ల, అప్పుడప్పుడు పడే సెట్ వల్ల కొంత తిరిగి వస్తుంది. చెరి 100తో, బటన్ మీద, రేక్ తక్కువున్న బల్ల మీద ఇతనికి కట్టొచ్చు. మీరు ముందు ఆడాల్సిన చోట కూర్చుని ఉంటే, లేదా రేక్ బరువుగా ఉంటే, ఇవే ఎనిమిదులను పడేయాలి.